పళ్ళు తక్కువ రంపం

జూన్ 3

తమ్ముడూ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నిలబడి చదివితే నీకు కళ్ళు తిరుగుతాయి, పడ్డావంటే నాకు అదొక కొత్త బెంగ. మరదలు పక్కనుంటే ఆవిడ లోపలికి వెళ్ళేదాకా ఆగు. ఫోనులో చెబుదామంటే మా ఫోను హాల్లో ఉంది, ఇంట్లో అందరి చెవులూ దాని చుట్టూనే ఉంటాయి. పైగా ఇన్నేళ్ళు రంపాల దగ్గర పనిచేసి నీ చెవులు పోయాయి. నేను అరిచేది నీకు తప్ప వీధిలో అందరికీ వినపడుతుంది.

విషయం మా అల్లుడి గురించి.

మీ బావగారు పోయాక కార్ఖానా నా పేరు మీదికి వచ్చింది కదా. లేత్ షాపులవాళ్ళు చెప్పిన కొలతకు కడ్డీలు కోసి పంపే పని, నీకు నేను చెప్పేదేముంది, ఆ యంత్రం దగ్గర నువ్వూ బావగారితో పాటు నిలబడ్డవాడివే. తాళంచెవి అల్లుడి చేతికి ఇచ్చాను. ఇచ్చిన రోజు నుంచీ నా కంటికి కునుకు లేదు.

మొన్న టీ పట్టుకుని కార్ఖానాకు వెళ్ళాను. యంత్రానికి కొత్త రంపం చక్రం తగిలించి ఉంది. చూద్దును కదా, దానికి సగం పళ్ళు లేవు! బావగారి రంపాలకు పళ్ళు దువ్వెనకున్నట్టు సన్నగా, దగ్గరదగ్గరగా ఉండేవి. దీనికి పన్నుకూ పన్నుకూ మధ్య నా బొటనవేలు పడుతుంది. "ఇదేమిటి నాయనా, పళ్ళూడిన రంపం ఎవరు అంటగట్టారు నీకు?" అని అడిగాను. "ఇది ఇంతే అత్తయ్యా, పళ్ళు తక్కువుంటేనే మంచిది" అన్నాడు. నా ముందు పళ్ళు పోయినప్పుడు ఆ మాట ఎవరూ అనలేదే.

మరి బావగారి రంపాలేవి అంటే "జాగ్రత్తగానే ఉన్నాయి" అంటాడు. గోడకు ఒక్కటే వేలాడుతోంది. మిగతావన్నీ ఒక ఆదివారం గోనెసంచిలో చుట్టి ఎక్కడికో పట్టుకుపోయాడు. అదీ ఉతికిన చొక్కా వేసుకుని. రంపాలు మోసేవాడికి ఉతికిన చొక్కా ఎందుకు చెప్పు?

దానికి ముందు వారం పక్కటెముకల మీద గుడ్డ చుట్టుకుని ఇంటికి వచ్చాడు. బండి మీంచి పడ్డాడట. నేను బండి చుట్టూ తిరిగి చూశాను. ఒక్క గీత లేదు. మనిషికి దెబ్బ తగిలి బండికి తగలకుండా ఎలా పడతారో నాకు తెలియదు.

కార్ఖానాకు ఎదురుగా తలుపులూ కిటికీలూ చేసే షాపాయన ఉన్నాడు, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు, నేను నవ్వులాయన అంటాను. ఆయన నన్ను చూసినప్పుడల్లా "అమ్మా, అల్లుడుగారి వల్ల కాకపోతే నాకు అమ్మేయండి" అంటాడు. వీళ్ళిద్దరూ కూడబలుక్కున్నారేమో! మంచి రంపాలు మాయం చేసి, చెత్త రంపాలు పెట్టి, పని పాడుచేసి, చివరికి నా చేతే అమ్మిస్తారేమో!

తాళంచెవి వెనక్కి తీసుకుందామని ఉంది. తీసుకుంటే అమ్మాయి ఊరుకోదు. ఆ పూటే మొగుడితో పాటు పెట్టె సర్దుకుని వెళ్ళిపోతుంది. తీసుకోకపోతే బావగారి కష్టం మట్టిపాలు. నువ్విప్పుడు రంపాలకు పదును పెట్టే షాపు నడుపుతున్నావు, నీకు తెలియని రంపం లేదు. పళ్ళు తక్కువుంటే మంచిదన్న మాట నిజమా, అబద్ధమా? అది ఒక్కటి చెప్పు. మిగతాది నేను చూసుకుంటాను.

గుండె దడతో,
అక్క

జూన్ 11

అక్కయ్యా,

కూర్చునే చదివాను. మీ మరదలు నా వెనక నిలబడి చదివింది, అది నా తప్పు కాదు.

నువ్వు బెంగపడటానికి ఇందులో ఏమీ లేదు. ఇనుము వేరు, అల్యూమినియం వేరు. ఇనుము కోస్తే రజను చిన్న చిన్న తునకలుగా రాలిపోతుంది. దానికి బావ వాడిన సన్నపళ్ళు సరిపోతాయి. అల్యూమినియం మెత్తన, జిగురు. పెద్ద పెద్ద చుట్టలుగా లేస్తుంది. ఆ చుట్ట పన్నుకూ పన్నుకూ మధ్య పట్టాలి, పట్టి బయటికి రాలాలి. సందు లేకపోతే అక్కడే కూరుకుపోయి, వేడికి అతుక్కుపోతుంది. అప్పుడు రంపం కోయదు, రుద్దుతుంది. కిటికీ చట్రంలాంటి పల్చటి దానికి పళ్ళు ఎక్కువున్నా ఫరవాలేదు. దిమ్మలాంటి లావు కడ్డీకి మాత్రం పళ్ళు తక్కువే ఉండాలి, మధ్యమధ్యలో పళ్ళకు మైనం రుద్దుతూ ఉండాలి, నూనె నీళ్ళు పోస్తూ ఉండాలి. ఇనుము కోసే రాతి చక్రమైతే అసలు దగ్గరికే రానివ్వకూడదు. కాబట్టి అల్లుడు చెప్పింది నిజం.

అల్లుడి దెబ్బ గురించి కూడా దిగులు పడకు. ఎముక విరగలేదు, కమిలిందంతే. తగ్గిపోతుంది.

తాళంచెవి జోలికి వెళ్ళకు. ఆ నవ్వులాయన్ని మాత్రం గుమ్మం ఎక్కనివ్వకు, అక్కడ నీ అనుమానం నాకూ నచ్చింది. వేళకు భోంచెయ్యి. మీ మరదలు నిన్ను అడిగినట్టు రాయమంది.

నీ తమ్ముడు

జూన్ 16

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ఒక పక్కన పెట్టాను. మళ్ళీ తీసి చదివాను.

అల్యూమినియం అన్న మాట నేను రాయలేదు. కడ్డీలు అని రాశాను. నువ్వున్నప్పుడు ఇక్కడ కోసింది ఇనుమే. ఇప్పుడు అల్యూమినియం వస్తోందని నీకు ఎవరు చెప్పారు? పక్కకు గుడ్డ చుట్టుకున్నాడని రాశాను. ఎముక విరగలేదనీ కమిలిందనీ నువ్వెలా చూశావు, అంత దూరం నుంచి?

అమ్మాయి ఉతకడానికి వేసిన అల్లుడి చొక్కా జేబు చూశాను. తప్పే, అయినా చూశాను. మీ ఊరి బస్సు టిక్కెట్టు ఉంది. సంచి మోసుకుని వచ్చింది నీ దగ్గరికే! నా సొంత తమ్ముడి గడప తొక్కి, నాకు ఒక్క మాట చెప్పకుండా తిరిగి వచ్చాడు. నువ్వూ చెప్పలేదు. పైగా "అల్లుడు చెప్పింది నిజం" అని సాక్ష్యం పలుకుతున్నావు.

బావగారి రంపాలు మీ ఇద్దరూ ఏం చేశారు? ఆయన దగ్గర అన్నాళ్ళు పనిచేశావు, నీకు ఆ కార్ఖానాలో వాటా కావాలనుంటే నన్నే అడగొచ్చు. నేను పెట్టి పుట్టిన దాన్ని కాకపోయినా లేదనే దాన్ని కాదు. దొడ్డిదారిన అల్లుడిని ఎందుకు పట్టుకున్నావు?

అమ్మాయిని అడిగితే "అమ్మా, నీకు నిద్ర సరిపోవడం లేదు, కాసేపు పడుకో" అంది. అంటే అదీ మీలో కలిసిందన్నమాట. మీ ముగ్గురూ ఒకటి, నేనొక్కదాన్నీ ఒకటి.

సరే. నేనూ ఊరుకోలేదు. ఆ పళ్ళు తక్కువ రంపాలన్నీ తీసి గోనెసంచిలో చుట్టి నా మంచం కింద పెట్టుకున్నాను. గోడకున్న బావగారి రంపం యంత్రానికి బిగించమని, దాన్ని నడిపే పొడుగు మేస్త్రీకి చెప్పాను. కొత్తగా చేరినవాడు, ఎటూ తేల్చక నీళ్ళు నమిలాడు. "అమ్మగారూ, అల్లుడుగారితో ఒక మాట..." అన్నాడు. "కార్ఖానా ఎవరిదయ్యా?" అన్నాను. గోడ మీంచి రంపం దింపాడు.

రేపు లావు కడ్డీల కోత ఉంది. నేను వెళ్ళి ఎదురుగా కూర్చుంటాను. బావగారి రంపం శుభ్రంగా కోసిందా, మీ అందరిదీ అబద్ధం. అక్కడే తాళంచెవి అడిగి తీసుకుంటాను. అమ్మాయి ఏడ్చినా సరే, ఏడ్చి వెళ్ళిపోయినా సరే.

ఆశీస్సులు ఈసారి మరదలికి మాత్రమే.
అక్క

జూన్ 20

అక్కయ్యా,

ఉత్తరం ఇప్పుడే చేతికి వచ్చింది. నువ్వు రేపు అన్నది ఎప్పుడో అయిపోయింది. మీ ఇంటికి ఫోను చేయించాను, ఎవరూ ఎత్తలేదు. నువ్వు బాగుంటే ఇది చదివి నన్ను తిట్టు. చాలు.

అల్లుడు బండి మీంచి పడలేదు. బావ వాడిన సన్నపళ్ళ రంపంతోనే అల్యూమినియం దిమ్మ కోశాడు. పళ్ళ సందులు కూరుకుపోయి రంపం పట్టేసింది, కడ్డీ, దాన్ని బిగించి పట్టుకునే వైసులోంచి లేచి వచ్చి పక్కలో కొట్టింది. అమ్మాయికి తెలుసు. మర్నాడు పళ్ళు కూరుకుపోయిన ఆ రంపం నా దగ్గరికి పట్టుకొచ్చాడు. ఇప్పుడు ఇనుము పని మీకు రావడం లేదట, అన్నీ అల్యూమినియమేనట. "ఏ రంపం కొనమంటారు బాబాయ్?" అన్నాడు. కొనక్కర్లేదు, ఉన్నవన్నీ తీసుకురా అన్నాను.

ఆ ఆదివారం సంచిలో తెచ్చినవి అవే. ఆ చక్రాల సన్నపళ్ళు అరగదీసేసి, వాటి మీదే దూరంగా పెద్దపళ్ళు కోశాను. మా పనిలో ఇది మామూలే. ఇప్పుడు నీ మంచం కింద ఉన్నది చెత్త కాదక్కయ్యా, బావ రంపాలే. గోడకున్న ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోలేదు. అల్లుడే వద్దన్నాడు. "అత్తయ్య కార్ఖానాకు వచ్చినప్పుడల్లా దాన్ని తుడుస్తారు, అదలాగే ఉండనీయండి" అన్నాడు. ఉతికిన చొక్కా సంగతా? మా ఇంటికి వస్తూ మాసిన చొక్కా వేసుకుని వస్తాడా?

నీకు ఎందుకు చెప్పలేదంటావు. బావకు ఆ యంత్రం దగ్గర వేళ్ళు తెగిన తరవాత నువ్వు ఎలా అయ్యావో మేమంతా చూశాం. ఆయన ఇంటికి వచ్చేదాకా ముద్ద ముట్టేదానివి కాదు, గుమ్మం దిగేదానివి కాదు. అల్లుడు, అమ్మాయి నాచేత ఒట్టు వేయించుకున్నారు. నేను ఒట్టు నిలబెట్టుకున్నాను కానీ ఉత్తరం రాయడం చేతకాలేదు.

వాటా అన్న మాట మీ మరదలి కంటపడకుండా కాగితం మడిచాను. అప్పటికే చదివేసింది.

వెంటనే జవాబు రాయి.
తమ్ముడు

జూన్ 20

తమ్ముడూ,

నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. మొహం చెల్లక రాయలేదనుకున్నాను. అయినా నాకు చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు?

ఆ రోజు పొద్దున్నే వెళ్ళి కడ్డీ కొసకు ఎదురుగా గోడ దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. అల్లుడు బయట సరుకు దింపిస్తున్నాడు. మేస్త్రీ బావగారి రంపం బిగించి నడిపాడు. మొదట వెన్నలోకి వెళ్ళినట్టు వెళ్ళింది. చూశావా అన్నట్టు మేస్త్రీ వంక చూశాను. అంతలో చప్పుడు మారింది. అరిచినట్టు, మూలిగినట్టు. రజను రాలడం ఆగిపోయింది. మాడు వాసన వచ్చింది. పళ్ళు కనపడటం లేదు, చక్రం అంచంతా తెల్లగా పూసేసినట్టు అయిపోయింది.

ఆ చప్పుడుకు అల్లుడు పరుగెత్తుకు వచ్చాడు. స్విచ్చి దగ్గరికి వెళ్తాడనుకున్నాను. నా మీదికి వచ్చాడు. చెయ్యి చేసుకుంటాడనే అనుకున్నాను తమ్ముడూ, నీ దగ్గర దాపరికం ఎందుకు. నన్ను రెక్క పట్టుకుని పక్కకు ఈడ్చేశాడు. స్టూలు మాత్రం అక్కడే ఉండిపోయింది. ఫట్‌మని రంపం పగిలింది. కడ్డీ ఊడి వచ్చి స్టూలును గోడకేసి కొట్టింది. స్టూలుకు ఇప్పుడు కాళ్ళు లేవు.

అమ్మాయి వచ్చింది. పగిలిన రంపం చూసి "ఎవరు పెట్టారు ఇది?" అని గట్టిగా అడిగింది. మేస్త్రీ పైకప్పు వంక చూస్తున్నాడు. నేను స్టూలు వంక చూస్తున్నాను. అల్లుడు "నేనే. తొందర్లో చూసుకోలేదు" అన్నాడు. "మళ్ళీనా? ఆ పక్క ఇంకా మానలేదు, అమ్మ కూడా ఉందిక్కడ!" అని అందరి ముందూ వాణ్ణి కడిగి పారేసింది. తల వంచుకుని తిట్లన్నీ తిన్నాడు. మళ్ళీ అంటే ఏమిటి? నాకు ఎవరూ చెప్పరు.

వాడికి తెలుసు నేనేనని. సాయంత్రం నా గదిలోకి వచ్చి, మంచం కింద సంచి లాగి, "ఇక్కడ పెట్టుకోకండి అత్తయ్యా, కాలు తెగుతుంది" అన్నాడు. అంతే. ఇంకొక్క మాట లేదు.

ఇప్పుడు నన్ను తినేస్తున్నది ఇదే. ఎందుకు తన మీద వేసుకున్నాడు? ఊరికే ఎవరైనా ఇంకొకరి నింద నెత్తికెత్తుకుంటారా? ఇది దగ్గర పెట్టుకుని రేపు నా చేత ఏదైనా సంతకం పెట్టించుకుంటాడా? తాళంచెవి అడగలేదు నేను. అమ్మాయి నాకు భోజనం పెట్టి పక్కన కూర్చుంటోంది, భయపడ్డాననుకుని వీపు నిమురుతోంది. ఆ చెయ్యి పడితే నాకు మంట పెట్టినట్టుంది.

బావగారి రంపం ముక్కలు తువ్వాల్లో కట్టి పెట్టాను. నువ్వు మంచివాడివో కాదో నాకు ఇంకా తేలలేదు, అయినా రాయి.

అక్క

జూన్ 26

అక్కయ్యా,

నా ఉత్తరం ఈపాటికి అందే ఉంటుంది. మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి. స్టూలు సంగతి చదివాక నేను లేచి పెరట్లో చాలాసేపు తిరిగాను.

అల్లుడు ఎందుకు మీద వేసుకున్నాడని అడిగావు. నీ అమ్మాయి నీ మీద అరవకూడదని. అంతకుమించి లోతు లేదు, తవ్వకు. కానీ వాడు ఎన్నాళ్ళు తిట్లు తింటాడు? నువ్వే అమ్మాయితో చెప్పాలి. నేను చెప్పను. ఈ మధ్య ఒట్లు వేసి నాకు విసుగొచ్చింది.

ఇంకొకటి. వాడి మంచితనం అలా ఉంచి, వాడిలో ఒక లోపం నాకూ కనపడుతోంది. తొందర. రంపం మారింది సరే, కడ్డీ వైసులో గట్టిగా కూర్చోకపోతే ఏ రంపమైనా ఒకటే. అల్యూమినియం నున్నగా ఉంటుంది, జారుతుంది. పొడుగు కడ్డీ కొసకు కింద ఆసరా ఉండాలి. పళ్ళ సందులో ఏమన్నా మిగిలిందేమో ప్రతి కోతకూ ముందు చూసుకోవాలి. నేను చెబితే "అలాగే బాబాయ్" అంటాడు. పది కడ్డీలు చూసి పదకొండోది చూడడు. నేనూ అంతే చేసేవాణ్ణి, బావా అంతే. ఎవరినీ నమ్మని మనిషి ఒకరు ఆ యంత్రం పక్కన ఉంటే బాగుండును. అటువంటి మనిషి మన కుటుంబంలో ఎవరున్నారో నేను పేరు పెట్టి రాయను.

మైనం ముద్ద ఒకటి పంపుతున్నాను. మీ మరదలికి నువ్వు విడిగా ఒక ఉత్తరం రాయాలి. వాటా మాట ఇంకా ఇంట్లో తిరుగుతోంది.

నీ తమ్ముడు

జూలై 9

తమ్ముడూ,

మరదలికి విడిగా రాశాను, ఈ కవర్లోనే ఉంది. నువ్వు చదవకు. చదువుతావని తెలుసు.

అమ్మాయికి చెప్పేశాను. వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి ఉండగా వెనక నుంచి చెప్పాను, మొహం చూస్తూ చెప్పలేక. మంచం కింద సంచి, మేస్త్రీ, అన్నీ. పొయ్యి ఆపింది. నా వైపు తిరిగి "ఆయన చచ్చిపోయేవాడమ్మా. నువ్వూ పోయేదానివి" అంది. అంతే అంది. తరవాత మాటలు తగ్గించింది. టీ గ్లాసు నా ముందు పెట్టే చప్పుడులోనే తెలుస్తుంది, ఇవాళ కోపం ఎంత దాకా దిగిందో. నిన్నటికి కొంచెం నెమ్మదిగా పెట్టింది. దాన్ని కూడా నమ్మడానికి లేదు, గ్లాసు వేడిగా ఉందేమో.

అల్లుడిని అడిగాను, "ఎందుకయ్యా నీ మీద వేసుకున్నావు?" అని. "మీరు నిలబడి ఉన్నారు కదా అత్తయ్యా, ఒళ్ళంతా వణుకుతూ" అన్నాడు. నేను దానికోసం ఎన్ని కారణాలు వెతికానో తెలుసా నీకు?

నవ్వులాయన మళ్ళీ వచ్చాడు. "ప్రమాదం జరిగిందటగా అమ్మా, ఇప్పుడైనా అమ్మేయండి, ప్రాణాల మీదికి తెచ్చుకోకండి" అన్నాడు. "నీకెవరు చెప్పారు?" అన్నాను. నవ్వాడు. "నవ్వు తరవాత, ముందు ఎవరు చెప్పారో చెప్పు" అన్నాను. నవ్వు ఆగింది. ఆయన నవ్వు ఆగడం మేస్త్రీ మొదటిసారి చూశాడట. మేస్త్రీ వంక కూడా ఒక చూపు చూశాను, ఎవరికి తెలుసు! మా కార్ఖానా అమ్మకానికి లేదని చెప్పి పంపించాను. తాళంచెవి అల్లుడి దగ్గరే ఉంది. ఉండనీ.

నేను కూడా వాడి వెంట పొద్దున్నే వెళ్తున్నాను. నువ్వు పేరు పెట్టకుండా రాసిన మనిషి నేనే అని అర్థం కాకపోవడానికి నాకేమైనా మతి పోయిందా? యంత్రం పక్కన, కడ్డీ కొసకు దూరంగా, కొత్త స్టూలు వేశారు. మొదటి రోజు వైసు పిడి నేను పట్టుకుని లాగితే ఇంకా తిరిగింది, పూర్తిగా బిగించలేదన్నమాట. "చూశావా" అన్నాను. మర్నాడూ తిరిగింది. ఇప్పుడు తిరగడం లేదు, అయినా లాగుతాను. పళ్ళ సందుల్లోకి కళ్ళజోడు పెట్టుకుని చూస్తాను. ఒక సందులో తెల్లటి పొర కనపడితే పుల్లతో గీకిస్తాను. కొత్తగా వచ్చిన కడ్డీల్లో ఒకటి వంకరగా ఉన్నట్టు అనిపించింది, కాదని అందరూ అన్నారు, బల్ల మీద దొర్లించి చూపించాను. పక్కన పెట్టారు. నువ్వు పంపిన మైనం రంగు కొంచెం తేడాగా ఉంది, పాతది కాదు కదా?

మేస్త్రీకి నేను నచ్చలేదు. పని ఆలస్యమవుతోందట. అవనీ.

నిన్న దిమ్మ కడ్డీ ఎక్కించారు, ఇంతవరకూ రానంత లావుది. అల్లుడు బిగించాడు, ఆసరా పెట్టాడు, మైనం రుద్దాడు. స్విచ్చి మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. ఎప్పుడూ అలా ఆగడు.

"అత్తయ్యా, నొక్కనా?" అన్నాడు.

"ఆగు" అన్నాను. లేచి పిడి లాగాను. కొస కింద ఆసరా కాలితో తోసి చూశాను. వాణ్ణి పక్కకు జరగమన్నాను, జరిగాడు. ఇంకొంచెం జరగమన్నాను. ఇంకొంచెం జరిగాడు. మేస్త్రీ నిట్టూర్చాడు. వాడు మాత్రం చెయ్యి అక్కడే పెట్టి నా మొహం వంకే చూస్తున్నాడు.

అప్పుడు "ఊఁ" అన్నాను.

అక్క